పాత క్లబ్బు భవనం కూల్చాలా? ముందు కప్పు ఎక్కి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కోస్తాలో వందేళ్లు దాటిన క్లబ్బు. పేకాట గది కప్పు కారుతోంది, బిలియర్డ్స్ హాలు గోడలు పెచ్చులు ఊడుతున్నాయి. కమిటీలో సగం మంది కూల్చేసి మూడంతస్తులు లేపి కింద ఫంక్షన్ హాలు పెడదామంటున్నారు, మిగతా సగం వద్దంటున్నారు. ఒక కాంట్రాక్టరు గోడలన్నీ గీకి సిమెంటు ప్లాస్టరు చేసి, కప్పు మీద వాటర్‌ప్రూఫింగ్ వేస్తానని కొటేషన్ ఇచ్చాడు. వచ్చే జనరల్ బాడీ ముందు ఏం పెట్టాలి అని అడిగారు. నేను పాత కట్టడాల మరమ్మతుల మీదే పనిచేసే స్ట్రక్చరల్ ఇంజినీరుని, ఆ అనుభవంతో చెబుతున్నాను.

కూల్చకండి. ఆ కొటేషన్ మీద సంతకం కూడా పెట్టకండి. నేను చూసినవాటిలో వయసు మీద పడి పాడైన భవనాల కంటే తప్పు మరమ్మతుతో పాడైనవే ఎక్కువ.

క్లబ్బు భవనాలకు ఇంకెక్కడా లేని చిక్కొకటి ఉంది. ఇంటికి యజమాని ఉంటాడు, గుడికి ధర్మకర్తలుంటారు. క్లబ్బుకు ఏడాదికో రెండేళ్లకో కొత్త కమిటీ వస్తుంది. వచ్చిన ప్రతి కమిటీ సభ్యుల కంటికి కనపడే పని చేయాలనుకుంటుంది: కొత్త టైల్స్, ఫాల్స్ సీలింగ్, ఇంకో నాలుగు ఏసీలు, బారులో గ్రానైట్ కౌంటరు. కప్పు మీద తూములు శుభ్రం చేయించడం, దూలాల చివర్లు పరీక్ష చేయించడం ఎవరికీ కనపడవు, అందుకే ఎవరి వంతుకూ రావు. పదిహేను కమిటీలు మారేసరికి ఏ గోడలో ఏ పైపు పోతోందో, ఏ స్విచ్చు ఏ లైనుదో చెప్పగలిగిన మనిషి క్లబ్బులో మిగలడు. మీ అసలు సమస్య ఇదే. దీన్ని వదిలేసి ఎంత ఖర్చుపెట్టి బాగు చేసినా పదేళ్లలో మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

పోగొట్టుకున్నవాళ్లు ఎలా పోగొట్టుకున్నారో చూస్తే సంగతి తెలుస్తుంది. 1832లో పెట్టిన మద్రాసు క్లబ్బుకు మౌంట్ రోడ్డు దగ్గర పెద్ద స్తంభాల భవనం ఉండేది. తర్వాత అది ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికాధిపతి రామ్‌నాథ్ గోయెంకా చేతికి వచ్చింది. మన ఆంధ్రప్రభ పత్రిక నడిచిన ఎక్స్‌ప్రెస్ ఎస్టేట్ అదే. ఇవాళ అక్కడ ఎక్స్‌ప్రెస్ అవెన్యూ మాల్ ఉంది. క్లబ్బు 1963లో అడయారు క్లబ్బుతో కలిసి నది ఒడ్డున మరో పాత భవనంలో బాగానే నడుస్తోంది. కలకత్తాలో 1827 నాటి బెంగాల్ క్లబ్బు డబ్బు ఇబ్బందులతో చౌరంగీ రోడ్డు వైపున్న ముఖ్య భాగాన్ని వదులుకుని వెనక భాగానికి సర్దుకుంది. సికింద్రాబాద్ క్లబ్బు సంగతి మీ అందరికీ తెలిసిందే. 1878లో మొదలైన క్లబ్బు, సాలార్‌జంగ్ వేట విడిదిగా ఉన్న భవనం. 2022 జనవరి 16 తెల్లవారుజామున, సంక్రాంతి సెలవుల్లో, కొలొనేడ్ బార్ ఉన్న ఆ ప్రధాన భవనం కొన్ని గంటల్లో కాలిపోయింది. మొదటిచోట అమ్మకం, రెండోచోట అప్పులు, మూడోచోట నిప్పు. మూడు చోట్లా క్లబ్బు బతికింది, భవనమే పోయింది. అందుకే "క్లబ్బు బాగుంటే భవనం అదే బాగుంటుంది" అనే మాట నేను నమ్మను.

ఇక మీ భవనం దగ్గరికి వద్దాం. ముందు కప్పు.

కోస్తాలో ఆ కాలం క్లబ్బు అంటే చాలావరకు మద్రాస్ టెర్రస్ కప్పే అయి ఉంటుంది. గదిలో నిలబడి పైకి చూస్తే టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా సన్న టేకు కర్రలు, వాటి పైన ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన చిన్న చిన్న ఇటుకలు కనపడతాయి. ఇటుకల మీద, మనకు కనపడని చోట, ఇటుక ముక్కలు సున్నంలో కలిపి పరిచిన మందపాటి పొర ఉంటుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. దాని పైన పలచటి బిళ్లలు పరిచేవారు. సరిగ్గా చూసుకుంటే ఈ కప్పు వందేళ్లు సునాయాసంగా నిలుస్తుంది. కారుతోందంటే కారణం సాధారణంగా మూడిట్లో ఒకటి. తూములు పూడిపోయి నీళ్లు నిలుస్తుండాలి. పిట్టగోడ మొదట్లో రావి మొక్క మొలిచి వేరు లోపలికి దిగి ఉండాలి. లేదంటే పాత బిళ్లల మీద ఎవరో ఎప్పుడో వేసిన సిమెంటు పొర పగిలి, ఆ పగులులోంచి దిగిన నీరు పైకి ఆరే దారిలేక కిందకే వస్తుండాలి.

మూడోదే ఎక్కువగా చూస్తాను, భయపెట్టేదీ అదే. కారినప్పుడల్లా ఒక కమిటీ పైన ఒక పొర వేయిస్తుంది. రెండంగుళాల కాంక్రీటు పొర అంటే చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న గది మీద అది ఆరున్నర టన్నులు దాటుతుంది. అలాంటి పొరలు రెండు పడ్డాయనుకోండి, ఆ బరువంతా కింద వందేళ్ల టేకు దూలాలే మోయాలి. కాబట్టి కప్పు మీద ఇంకేమైనా వేసే ముందు, ఇప్పటికే ఏమేం వేశారో తెలుసుకోండి. ఒక మూల అడుగు చదరం మేర జాగ్రత్తగా తవ్విస్తే పొరలన్నీ వరసగా కనపడతాయి. సిమెంటు పొరలు ఉంటే కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు మెషిన్ పెట్టకుండా చేత్తో, ఉలితో తీయించాలి. బ్రేకరు పెడితే ఆ అదురుకు కింది ఇటుకలు జారతాయి.

తర్వాత దూలాల చివర్లు. దూలం మధ్యలో నల్లబడి చూడ్డానికి భయంగా ఉన్నా చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. గోడలో దూరిన చివర మాత్రం బయటికి బాగానే కనపడుతూ లోపల గుల్లవుతుంది, ఎందుకంటే గోడ చెమ్మ చేరేదీ చెదలు ముందు పట్టేదీ అక్కడే. సన్నటి స్క్రూడ్రైవరు తీసుకుని గోడకు ఆనించి ఉన్న చోట ప్రతి దూలాన్నీ గుచ్చి చూడండి. గట్టి టేకులో మొన దిగదు. రెండంగుళాలు సులువుగా దిగిందంటే ఆ దూలం కింద ఆ రోజే జాకీలు పెట్టించి గది మూసేయాలి. దూలం మొత్తం మార్చనక్కర్లేదు. పాడైన చివర కోసి కొత్త టేకు ముక్క అతికి పక్కల ఉక్కు ప్లేట్లు బిగించవచ్చు, లేదా గోడకు ఆనుకుని కొత్త ఆధారం ఇవ్వవచ్చు. ఏది చేయాలో స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క వేసి చెప్పాలి, మేస్త్రీ అంచనాకు వదలొద్దు.

గోడల సంగతి వింటే మీ కమిటీలో కొందరికి నచ్చకపోవచ్చు, కానీ ఇది ఖచ్చితం: సున్నం గోడకు సిమెంటు ప్లాస్టరు వేయకూడదు. పాత ఇటుక, సున్నం రెండూ మెత్తవి, చెమ్మను పీల్చి మళ్లీ వదిలేస్తాయి. సిమెంటు గట్టిది, వదలదు. నేలలోంచి ఎక్కిన చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఇంకా పైకి పాకుతుంది, తనతో ఉప్పునూ తీసుకెళ్తుంది. సముద్రం గాలి తగిలే ఊళ్లో ఆ ఉప్పు మరీ ఎక్కువ. కోస్తాలోనే ఒక క్లబ్బు లైబ్రరీ గోడకు సిమెంటు ప్లాస్టరు తీయించినప్పుడు దగ్గరుండి చూశాను. బయట నున్నగా, రంగు కూడా చెదరకుండా ఉంది. వేలి కణుపుతో తడితే మాత్రం డొల్ల శబ్దం. పలక పలకంతా ఊడి వచ్చాక వెనకాల ఇటుకల మీద తెల్లటి నూగులా ఉప్పు, గోటితో గీకితే ఎర్రటి పొడి రాలింది. ఎత్తు పెరిగేకొద్దీ ఇటుక మళ్లీ గట్టిగా ఉంది. నేల నుంచి మూడడుగుల దాకానే నష్టమంతా. కారణం కూడా అక్కడే దొరికింది: బయట పార్కింగ్ కోసం పేవర్ బ్లాకులు పరిచి నేల మట్టాన్ని గది నేల కంటే ఎత్తుకు తెచ్చారు. వానపడిన ప్రతిసారీ నీళ్లు గోడ మొదట్లోనే నిలిచేవి.

మీ బిలియర్డ్స్ హాలు పెచ్చులకు కూడా ముందు బయట నేల చూడండి. గోడ చుట్టూ మట్టం దించి, నీళ్లు గోడకు దూరంగా పోయేలా వాలు ఇచ్చి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గోడను ఆరనివ్వండి. ఆ తర్వాతే ప్లాస్టరు. అదీ సున్నంతోనే. కోస్తాలో గుల్ల సున్నం, లోపలి జిల్లాల్లో రాతి సున్నం దొరుకుతుంది. సున్నాన్ని వారాల తరబడి నానబెట్టి, ఇసుక, సుర్కీ (ఇటుక పొడి)తో గానుగ పట్టి, పలచటి పొరలుగా, ఒక పొర ఆరాక ఇంకో పొర వేయాలి. తొందరపెడితే పగుళ్లు వస్తాయి. వాల్ పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షన్ కూడా వద్దు. సున్నం గోడ మీద అవి చేసేది సిమెంటు చేసిన పనే.

"ఇవన్నీ చేసే పనివాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" అని మీ జనరల్ బాడీలో తప్పకుండా అడుగుతారు. ఉన్నారు. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి ఏళ్ల తరబడి చేయించిన పనిలో గత శతాబ్దంలో పడిన సిమెంటు పొరలు తీసి సున్నంతోనే మళ్లీ గచ్చు చేశారు. చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఇలాంటి పనుల్లో చెయ్యి తిరిగిన మేస్త్రీలు మన రాష్ట్రాల్లోనే ఉన్నారు. మీ ఊరి మేస్త్రీని కాదనక్కర్లేదు. ఒక సీనియర్ గచ్చు మేస్త్రీని రప్పించి ఒక గది ఆయన చేతుల మీదుగా చేయిస్తే మిగతా గదులు మీ వాళ్లే చేయగలుగుతారు. ఆ తర్వాత ఏటేటా మరమ్మతులకు మీ ఊళ్లోనే మనిషి ఉంటాడు. ఖర్చు లెక్కలో ఈ లాభాన్ని కూడా వేయండి.

ఇంత చెప్పినా, నన్ను రాత్రిళ్లు ఎక్కువ కలవరపెట్టేది కప్పూ కాదు, గోడా కాదు. వైరింగు.

కప్పు కారితే బాగు చేసుకునే వ్యవధి ఉంటుంది, నిప్పు అంటుకుంటే ఉండదు. ఏ పాత క్లబ్బులోనైనా ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీసి టార్చి వేసి చూడండి. చెక్క కేసింగులో పాత రబ్బరు తొడుగు వైర్లు, వాటి పక్కన పీవీసీ వైర్లు, వాటి మీదుగా ఏసీల కోసం లాగిన కొత్త లైన్లు, మధ్యలో టేపు చుట్టిన జాయింట్లు, ఎలుకలు కొరికిన చోట రాగి మెరుస్తూ కనపడుతుంది. ఫ్యాన్లకీ బల్బులకీ వేసిన లైను మీద ఏసీలు నడుస్తున్నాయా అన్నది మొదట తేల్చాల్సిన సంగతి. ఫాల్స్ సీలింగ్ పైన ఉన్న ఖాళీ జాగా అన్ని గదుల మీదుగా అడ్డులేకుండా పోతుంది కాబట్టి ఒక మూల రాజుకున్న మంట మనిషి కంటపడే లోపు రెండో చివరకు చేరుతుంది.

లావుపాటి టేకు దూలాన్ని చూసి జనం భయపడతారు గానీ, మంటలో అది నిమిషానికి అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు దాకా మాత్రమే బొగ్గవుతుంది. అరగంట మంటకు సుమారు రెండు సెంటీమీటర్లు. లోపలి కర్ర బరువు మోస్తూనే ఉంటుంది. అదే ఉక్కు గర్డరు 600 డిగ్రీల దగ్గర సగానికి పైగా బలం పోగొట్టుకుని వంగిపోతుంది. పాత క్లబ్బును తగలబెట్టేది దూలం కాదు, తర్వాత తెచ్చి పెట్టిన సరుకు: ప్లైవుడ్, ఫోమ్ సోఫాలు, తివాచీలు, సింథటిక్ కర్టెన్లు, బారు వెనక స్టాకు.

కాబట్టి మొత్తం వైరింగు కొత్తగా చేయించండి, అతుకులు వద్దు. ఏసీలకు విడి లైను, ప్రతి విభాగానికీ లోడు మించితే లైను ఆపే ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు ఉండాలి. రాత్రి తాళం వేసేటప్పుడు బారు ఫ్రిజ్‌లు, సీసీ కెమెరాలు, పొగ అలారాలు తప్ప భవనం మొత్తం ఒక్క స్విచ్చుతో ఆగిపోవాలి. ఫాల్స్ సీలింగ్ వీలైతే తీసేయండి. దాని వెనక దాగిన టేకు కప్పు చూశాక మళ్లీ వేయమని ఏ సభ్యుడూ అడగడు. తీయలేకపోతే గదికీ గదికీ మధ్య ఆ ఖాళీని మంట దాటని అడ్డుగోడతో మూయించండి. స్మోక్ డిటెక్టర్లు గదుల్లోనే కాక సీలింగు పైన కూడా పెట్టండి. అలారం వాచ్‌మన్ గదిలో మోగాలి, ఏ గదిలో పొగ వచ్చిందో పేరుతో చూపించాలి. వంటగదిని, గ్యాస్ సిలిండర్లను ప్రధాన భవనంలోంచి బయటికి పంపండి. పండగ సెలవులకు క్లబ్బు మూసినప్పుడు కాపలా రెట్టింపు చేయండి, ఎందుకంటే అప్పుడే కంటపడేవాళ్లు ఉండరు. మీ ఊరి ఫైర్ ఆఫీసరును పిలిచి ఫైరింజను మీ గేటు కమానులోంచి పడుతుందో లేదో, పార్కింగ్ నిండిన శనివారం రాత్రి కూడా వెనక వైపు వరకు రాగలదో లేదో స్వయంగా నడిపి చూడమనండి.

కూల్చివేత వాదన చేస్తున్నవాళ్లను శత్రువుల్లా చూడొద్దు. వాళ్లడిగేది న్యాయమే: ఆదాయం కావాలి, జిమ్ కావాలి, పిల్లలకు చోటు కావాలి. ఇవన్నీ పాత భవనంలో ఇరికించాలనుకున్నప్పుడే అది నలిగిపోతుంది. మీ కాంపౌండులో వెనక చోటుంటే కొత్త బ్లాకు అక్కడ కట్టండి. వంటగది, ఫంక్షన్ హాలు, ఏసీ గదులు అందులో పెట్టి, పాత భవనాన్ని పేకాటకి, బిలియర్డ్స్‌కి, లైబ్రరీకి, సాయంత్రం వరండాలో కూర్చోడానికి ఉంచండి. వాడకం ఆగితే తలుపులు తీసేవాళ్లుండరు, గాలి ఆడదు, చెదలు చేరతాయి. ఊటీ క్లబ్బులో 1882లో స్నూకర్ నిబంధనలు రాసిపెట్టిన బిలియర్డ్స్ గదికి ఇవాళ్టికీ పేరుందంటే అది ఆట గదిగానే మిగలడం వల్ల.

చట్టం గురించి క్లుప్తంగా. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం ఉంది. 2019లో హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. మీది ఆంధ్రలో కాబట్టి ముందు చూడాల్సింది భూమి కాగితం. పాత క్లబ్బులు చాలావరకు ప్రభుత్వ లీజు భూముల్లో ఉన్నాయి. ఏ ప్రయోజనానికి ఇచ్చారో, ఎన్నేళ్లకిచ్చారో ఆ కాగితంలో ఉంటుంది. భవనం కూల్చి వ్యాపారానికి హాలు కడితే లీజు షరతు ఉల్లంఘన కింద మొత్తం స్థలమే చేజారవచ్చు. ఈ ఒక్క కాగితం లాయరు చేత చదివిస్తే మీ కమిటీలో సగం వాదన అక్కడే ముగియొచ్చు.

ఇంకొక మాట మనసులో ఉంది. ఇలాంటి క్లబ్బుల్లో కొన్ని మనవాళ్లను గేటు దాటనివ్వలేదు. మద్రాసు క్లబ్బు భారతీయులకు సభ్యత్వం ఇవ్వడానికి స్వాతంత్ర్యం తర్వాత కూడా ఏళ్లు పట్టింది. భవనాన్ని కాపాడటం అంటే ఆ నిబంధనలను మెచ్చుకోవడం కాదు. ఆ దూలాలెత్తిందీ, ఆ గచ్చు కొట్టిందీ, ఆ తోట పెంచిందీ, డెబ్బయ్యేళ్లపాటు ఆ బారులో ట్రేలు మోసిందీ మన ఊరి మనుషులే. అందుకే వెనకనున్న బట్లర్ల గదులు, పాత వంటశాల, నౌకర్ల నడవ కూడా "పనికిరానివి" అని తీసేయకండి. ప్రెసిడెంట్ల పేర్ల బోర్డుతో పాటు మీ పాత సిబ్బంది పేర్లు కూడా జీతాల రిజిస్టర్లలోంచి తీసి రాయించండి.

రిజిస్టర్లంటే గుర్తొచ్చింది. మినిట్స్ పుస్తకాలు, పాత బిల్లులు, గ్రూపు ఫొటోలు ఏ బీరువాలో ఉన్నా ఈ నెలలోనే స్కాన్ చేయించండి. బెంగళూరు క్లబ్బులో చర్చిల్ బాకీపడ్డ 13 రూపాయల పద్దు ఉన్న పుస్తకాన్ని జనం ఇప్పటికీ అడిగి చూస్తారు. మీ పుస్తకాల్లో అంత పేరున్న బాకీ లేకపోయినా, 1920ల్లో నేల బిళ్లలు ఎక్కడ కొన్నారో, వరండా ఎప్పుడు మూశారో ఉంటుంది. మరమ్మతు చేసే ఆర్కిటెక్టుకు అదే పెద్ద ఆధారం.

జనరల్ బాడీ ముందు నేనైతే తీర్మానాలు మూడే పెడతాను. కన్జర్వేషన్ అనుభవమున్న ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు కలిసి భవనం మొత్తం కొలిచి, ఫొటోలు తీసి నివేదిక ఇచ్చేదాకా కూల్చివేతగానీ, పెద్ద మరమ్మతుగానీ ఉండకూడదు. వైరింగు పని మాత్రం నివేదిక కోసం ఆగకుండా వెంటనే మొదలవ్వాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ప్రవేశ రుసుముల్లో ఒక వాటా భవన నిధికి విడిగా పోవాలి, దాన్ని కమిటీ మారినా మారని ముగ్గురు నలుగురు సభ్యుల ఉపసంఘం చూడాలి, ఆ నిధిని ఇంకో పనికి వాడాలంటే జనరల్ బాడీలో మూడింట రెండొంతుల ఓటు కావాలి. ఈ షరతు బైలాల్లోకి ఎక్కించండి, తీర్మానంగా వదిలేస్తే వచ్చే ఏడాది ఇంకో తీర్మానం దాన్ని తీసేస్తుంది. ఆ ఉపసంఘం దగ్గర భవనానికి ఒక పుస్తకం ఉండాలి. వానలకు ముందు తూములు ఎవరు చూశారు, ఏ దూలం గుచ్చి చూశారు, ఏ గోడకు ఏ సున్నం ఎవరు వేశారు, తేదీతో సంతకంతో రాయాలి. తుపాను వెళ్లిన మర్నాడు కప్పు ఎక్కి చూసిన సంగతి కూడా అందులో ఉండాలి.

ప్రస్తుతానికి పేకాట గదిలో దూలాలు గోడలోకి దూరిన చోటును దగ్గరగా ఫొటో తీసి, స్క్రూడ్రైవరు ఎంత దిగిందో రాసి ఇక్కడ పెట్టండి. కప్పు మీద తూముల దగ్గర ఒకటి, బిలియర్డ్స్ హాలు గోడ బయటి మొదలు ఒకటి కూడా పెట్టండి. అవి చూసేదాకా పేకాట గదిలో ఎవరినీ కూర్చోనివ్వకండి.